పనిచ్చినవాడి ఊసెత్తని వాదం



అమెరికా మధ్యభాగంలో అయోవా అనే రాష్ట్రం ఉంది. ఎటు చూసినా మొక్కజొన్న చేలు, పందుల ఫారాలు, అక్కడొకటి ఇక్కడొకటి చిన్న చిన్న ఊళ్ళు. వాటిలో పోస్ట్‌విల్ ఒకటి. జనాభా రెండు వేల పైచిలుకు. అప్పట్లో ఊరు బతికేదంతా ఒక మాంసం ఫ్యాక్టరీ మీద. యూదుల ఆచారం ప్రకారం కోసే కోషర్ మాంసానికి దేశం మొత్తంలో అదే పెద్ద ఫ్యాక్టరీ. 2008 మే 12, సోమవారం ఉదయం దాని మీద హెలికాప్టర్లు తిరిగాయి. వందల మంది ఫెడరల్ అధికారులు చుట్టుముట్టి 389 మందిని పట్టుకెళ్ళారు. ఎక్కువమంది గ్వాటెమాలా పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, తరువాత మెక్సికో వాళ్ళు. ఊళ్ళో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒక్క పూటలో లేకుండా పోయారు.

వాళ్ళని వాటర్లూ పట్టణంలో పశువుల ప్రదర్శన జరిగే మైదానానికి తీసుకెళ్ళారు. అక్కడున్న డాన్స్ హాలునే కోర్టుగా మార్చారు. కాళ్ళకీ చేతులకీ గొలుసులు వేసి, పదేసి మందిని ఒక జట్టుగా జడ్జి ముందు నిలబెట్టారు. నేరం ఏమిటంటే, తమది కాని సోషల్ సెక్యూరిటీ నంబరుతో ఉద్యోగం చేయడం. ముందు పెట్టిన బేరం కూడా చెప్పాలి. నేరం ఒప్పుకుంటే అయిదు నెలల జైలు, ఆ తరువాత స్వదేశానికి పంపేస్తారు. ఒప్పుకోకపోతే ఇంకొకరి గుర్తింపు దొంగిలించారన్న పెద్ద కేసు; రుజువైతే కనీసం రెండేళ్ళు. పైగా విచారణ మొదలయ్యేదాకా నెలల తరబడి బెయిలు లేకుండా లోపలే. ఇంటి దగ్గర పిల్లలు ఆకలితో ఉన్నారు. దాదాపు 300 మంది ఒప్పుకున్నారు.

అక్కడ అనువాదకుడిగా పనిచేసిన ఎరిక్ కమాయ్ద్ అనే స్పానిష్ ప్రొఫెసర్ ఆ రోజుల గురించి ఒక వ్యాసం రాశాడు. కోర్టు అనువాదకులు మామూలుగా చూసింది బయట చెప్పరు. ఆయన చెప్పాడు. సోషల్ సెక్యూరిటీ నంబరంటే ఏమిటో, అది ఎందుకుంటుందో వాళ్ళలో చాలామందికి తెలియనే తెలియదని రాశాడు. ఏడాది తిరక్కుండానే, 2009లో, వేరే కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. ఆ నంబరు నిజంగా ఇంకో మనిషిదని ముద్దాయికి తెలుసని రుజువు చేస్తేనే ఆ పెద్ద కేసు నిలుస్తుందని. ఈ తీర్పు వచ్చేసరికి పోస్ట్‌విల్ వాళ్ళలో ఎక్కువమంది జైలు శిక్ష అయిపోయి, తమ దేశాల్లో తమ ఊళ్ళకి చేరిపోయారు.

మరి పనిచ్చిన కంపెనీ సంగతి? కొందరు సూపర్‌వైజర్లకీ, సిబ్బంది వ్యవహారాలు చూసే మేనేజరుకీ శిక్షలు పడ్డాయి. కంపెనీ నడిపిన పెద్దాయన మీద మాత్రం, కాగితాలు లేనివాళ్ళని పనిలో పెట్టుకున్నందుకు మోపిన అభియోగాలన్నీ ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. అప్పటికే బ్యాంకుని మోసం చేసిన కేసులో ఆయన దోషిగా తేలాడు, దానికి 27 ఏళ్ళ శిక్ష పడింది. 2017 డిసెంబరులో అధ్యక్షుడు ట్రంప్ ఆ శిక్ష తగ్గించి విడుదల చేశాడు. అంటే ఆయన జైలుకి వెళ్ళింది బ్యాంకు డబ్బు విషయంలో. మనుషుల విషయంలో కాదు.

ఈ ప్రసంగానికి పోస్ట్‌విల్‌ని ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను. అమెరికాలో అక్రమ వలసల మీద నలభై ఏళ్ళుగా వాదం నడుస్తోంది. ఒక పక్షం సరిహద్దు అంటుంది, గోడ అంటుంది, చట్టం అంటుంది. ఇంకో పక్షం మానవత్వం అంటుంది, కుటుంబాలు అంటుంది. రెండు మాటల్లోనూ నిజం ఉంది. కాని ఈ మనుషులు అక్కడికి వెళ్ళేది పని కోసం. ఆ పని ఇచ్చేవాడు ఒకడున్నాడు. అతను వాదంలో ఎక్కడా కనిపించడు. కనిపించకపోవడం యాదృచ్ఛికం కాదన్నది నా నమ్మకం. ఈ మాట మన తెలుగువాళ్ళకి కూడా సూటిగా తగులుతుంది, అది చివర చెబుతాను.

1986 నవంబరు 6న రోనాల్డ్ రీగన్ ఒక చట్టం మీద సంతకం చేశాడు. రిపబ్లికన్లూ డెమొక్రాట్లూ కలిసి కుదుర్చుకున్న రాజీ అది. ఒక వైపు, అప్పటికే దేశంలో ఉండిపోయినవాళ్ళకి క్షమాభిక్ష. సుమారు 27 లక్షల మందికి దాని వల్ల చట్టబద్ధమైన నివాసం దొరికింది. రెండో వైపు, ఇకమీదట కాగితాలు లేనివాణ్ణి పనిలో పెట్టుకోవడం నేరం. నమ్మడం కష్టంగా ఉంటుంది గాని, అంతకుముందు దేశం మొత్తానికి వర్తించేలా అది నేరం కాదు. సరిహద్దు దాటిన మనిషిది తప్పు, అతనిచేత పని చేయించుకున్నవాడిది తప్పు కాదు. 1952 నాటి చట్టంలో, అక్రమంగా వచ్చినవాళ్ళకి ఆశ్రయమివ్వడం నేరమంటూనే, ఉద్యోగం ఇవ్వడం మాత్రం ఆశ్రయమివ్వడం కిందికి రాదని ప్రత్యేకంగా రాసుకున్నారు. టెక్సస్ రైతుల పలుకుబడి అది.

1986లో ఆ లోటు పూడ్చామనుకున్నారు. ఎలా పూడ్చారో దగ్గరగా చూడాలి.

ఉద్యోగంలో చేరే ప్రతి మనిషీ ఐ-9 అనే ఫారం నింపాలి. ఫారం నింపడానికి రెండు కార్డులు చూపిస్తే చాలు, ఒకటి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, ఒకటి సోషల్ సెక్యూరిటీ కార్డు. యజమాని ఆ కార్డులు చూస్తాడు. పైకి నిజమైనవిగా కనిపిస్తే సరిపోతుంది. నిజంగా ఎవరివో కనుక్కోవాల్సిన బాధ్యత చట్టం అతని మీద పెట్టలేదు. ఇంకాస్త లోతుగా తరచి అడిగితే, జాతి చూసి అడిగావని ఎదురు కేసు పడే వీలు కూడా అదే చట్టంలో ఉంది. శిక్ష ఎప్పుడు పడుతుందంటే, తెలిసి తెలిసీ పెట్టుకున్నాడని ప్రభుత్వం రుజువు చేసినప్పుడు. తెలియకుండా ఉండడం ఎంత సుఖమో వ్యాపారం చేసేవాళ్ళకి వేరే చెప్పాలా? ఒకవేళ తొలిసారి దొరికితే, అప్పట్లో మనిషికి 250 డాలర్ల నుంచి మొదలయ్యే జరిమానా. ఇక లాస్ ఏంజెలెస్, షికాగో వీధుల్లో దొంగ కార్డులు కొన్ని పదుల డాలర్లకి దొరకడం మొదలైంది. చాలామంది యజమానులు మధ్యలో కాంట్రాక్టరుని పెట్టుకున్నారు. మనుషులు కాంట్రాక్టరు మనుషులు, ఫారాలు కాంట్రాక్టరు ఫారాలు, పని మాత్రం తనది.

ఇలా క్షమాభిక్ష సగం పూర్తిగా అమలైంది, యజమాని సగం కాగితం మీద ఉండిపోయింది. అప్పట్నుంచీ ఎవరు రాజీ మాట ఎత్తినా ఆ దేశంలో ఒక వర్గం "86లో ఒకసారి మోసపోయాం" అంటుంది. ఆ కోపాన్ని నేను కొట్టిపారేయను. మోసం జరిగిన మాట నిజమే. ఎవరు చేశారన్నదే వాళ్ళు తప్పుగా లెక్కవేస్తున్నారు.

ఈ సంగతిని అందరికంటే స్పష్టంగా చూసిన వ్యక్తి బార్బరా జోర్డన్. టెక్సస్‌కి చెందిన నల్లజాతి మహిళ, పార్లమెంటు సభ్యురాలిగా నిక్సన్ అభిశంసన విచారణలో ఆమె మాట్లాడిన తీరు దేశం మొత్తం విన్నది. 1990 దశకంలో వలస విధానం మీద వేసిన జాతీయ కమిషన్‌కి ఆమె అధ్యక్షురాలు. ఆమె మెత్తగా మాట్లాడే మనిషి కాదు. రావలసినవాళ్ళు రావాలి, రాకూడనివాళ్ళని ఆపాలి, ఉండే హక్కు లేనివాళ్ళు వెళ్ళాలి, అప్పుడే ఆ విధానానికి నమ్మకం ఉంటుందని అంది. అయితే దానికి తాళం ఎక్కడుందో కూడా చెప్పింది. పనిచేసే చోట. ఉద్యోగంలో చేరే మనిషి నంబరు నిజమో కాదో యజమాని ఫోను చేసి కనుక్కోగలిగే జాతీయ కంప్యూటర్ జాబితా పెట్టాలని 1994లో ఆమె కమిషన్ సిఫారసు చేసింది. వ్యాపార సంఘాలు వద్దన్నాయి. ప్రభుత్వం దగ్గర అందరి జాబితా ఏమిటని పౌరహక్కుల సంఘాలూ వద్దన్నాయి. 1996 జనవరిలో జోర్డన్ చనిపోయింది. ఆ ఏడాదే కొత్త చట్టం వచ్చింది. అందులో సరిహద్దు కాపలా పెరిగింది, దేశంలో కాగితాలు లేకుండా ఉండి బయటికి వెళ్ళినవాళ్ళు మూడేళ్ళో పదేళ్ళో తిరిగి రాకూడదన్న నిషేధం వచ్చింది. యజమానుల తనిఖీ మాత్రం ఇష్టమున్నవాళ్ళు చేరే ప్రయోగంగా మిగిలింది. దాన్నే ఇప్పుడు ఇ-వెరిఫై అంటున్నారు. ఆరిజోనా లాంటి కొన్ని రాష్ట్రాలు తప్పనిసరి చేశాయి. దేశం మొత్తానికి ఈ రోజుకీ ఐచ్ఛికమే.

యజమాని దగ్గర వేయని తాళం సరిహద్దులో వేశారు. 1994లో సాన్ డియేగో దగ్గర గస్తీ బిగించారు, అంతకు ఏడాది ముందే ఎల్ పాసోలో. ఊళ్ళ దగ్గర దారి మూస్తే జనం ఎడారి చూసి భయపడి మానేస్తారని వ్యూహం. మానలేదు, ఎడారిలోకి వెళ్ళారు. ఆ సరిహద్దులో 1998 నుంచి 8 వేలకు పైగా మరణాలు నమోదయ్యాయి, అవి దొరికిన శవాల లెక్క మాత్రమే. 2019 జూన్‌లో ఆరిజోనా ఎడారిలో ఎండదెబ్బకి చనిపోయిన ఆరేళ్ళ పాప మన దేశపు పాప. తల్లి నీళ్ళు వెతకడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేలోపు అయిపోయింది.

ఆ గట్టి కాపలా వల్ల ఇంకొకటి జరిగింది. డగ్లస్ మాసీ అనే సామాజిక శాస్త్రవేత్త దశాబ్దాల పాటు మెక్సికో పల్లెలు తిరిగి దీన్ని రాశాడు. అంతకుముందు మెక్సికో కూలీలు పంట రోజుల్లో వచ్చి, పని అయ్యాక ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు. మన పాలమూరు వలస కూలీలు మేస్త్రీ వెంట వెళ్ళి, పని అయ్యాక ఊరికి తిరిగొచ్చినట్టే. దాటడం ప్రాణాంతకం అయ్యాక, ఒకసారి దాటినవాడు మళ్ళీ వెనక్కి వెళ్ళే సాహసం చేయలేదు. భార్యనీ పిల్లల్నీ అక్కడికే రప్పించుకున్నాడు. 1990లో కాగితాలు లేనివాళ్ళు సుమారు 35 లక్షలని ప్యూ పరిశోధన సంస్థ అంచనా. 2007 నాటికి 1 కోటి 22 లక్షలు. సరిహద్దు గస్తీ సిబ్బంది కొన్ని రెట్లు పెరిగిన కాలం కూడా సరిగ్గా అదే.

ఇక్కడ అమెరికన్ కార్మికుడి వైపు నుంచి కూడా మాట్లాడాలి. వలసని వ్యతిరేకించేవాళ్ళందరినీ జాతి ద్వేషులని తోసేయడం అన్యాయం. మళ్ళీ మాంసం ఫ్యాక్టరీలనే చూద్దాం. 1970 దశకం దాకా ఆ పని కష్టమైనదే గాని మంచి జీతం ఉన్న పని. బలమైన యూనియన్లుండేవి. మిగతా ఫ్యాక్టరీల సగటు కంటే ఎక్కువ కూలి వచ్చేది. 1980 దశకంలో కంపెనీలు నగరాల్లో ఫ్యాక్టరీలు మూసి, యూనియన్లు లేని పల్లె ప్రాంతాలకి తరలించాయి. మిన్నెసోటాలోని ఆస్టిన్‌లో 1985లో మొదలైన హార్మెల్ కార్మికుల సమ్మె నెలల తరబడి నడిచి ఓడిపోయింది. జీతాలు పడిపోయాయి, కత్తులు కదిలే వేగం పెరిగింది, గాయాలు పెరిగాయి. ఆ తరువాతే ఆ కత్తులు గ్వాటెమాలా వాళ్ళ చేతుల్లోకి వెళ్ళాయి. పాత కార్మికుడి కొడుక్కి కనిపించేది తన తండ్రి నిలబడిన చోట నిలబడిన కొత్త మనిషి. జీతం తగ్గించిన నిర్ణయం ఏ బోర్డు గదిలో జరిగిందో అతనికి కనిపించదు. అతని కోపాన్ని ఓట్లుగా మార్చుకునే నాయకుడు ఆ గది వైపు చూపించడు.

2002లో సుప్రీంకోర్టు హాఫ్‌మన్ ప్లాస్టిక్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ పరిస్థితికి ముద్ర వేసింది. యూనియన్ పెట్టబోయినందుకు కార్మికుణ్ణి అక్రమంగా తీసేశారు. తీసేసిన కాలానికి జీతం ఇవ్వాలా? కాగితాలు లేవు కాబట్టి అక్కర్లేదని అయిదుగురు జడ్జీలు అన్నారు, నలుగురు కాదన్నారు. ఆ నలుగురి వాదన నాకు సరైనదిగా తోస్తుంది. కాగితాలు లేనివాణ్ణి పెట్టుకుంటే ఖర్చు తక్కువని చట్టమే చెప్పినట్టయింది కదా. వలసల్ని ఆపాలనుకునే దేశం చేయకూడని పని అది.

మరి ఆశ్రయం కోరేవాళ్ళ సంగతి వేరు కదా అనవచ్చు. వేరే. 2014 తరువాత సరిహద్దు దగ్గర దృశ్యం మారింది. గస్తీని తప్పించుకునేవాళ్ళకి బదులు, గస్తీ వాళ్ళని వెతుక్కుంటూ వచ్చి లొంగిపోయే కుటుంబాలు పెరిగాయి. అమెరికా నేల మీద కాలు పెట్టినవాడు, ఏ దారిన వచ్చినా, ఆశ్రయం అడగవచ్చని 1980 నాటి చట్టం. అడిగాక విచారణ జరగాలి. 2024 నాటికి వలస కోర్టుల్లో పెండింగు కేసులు 35 లక్షలు దాటాయి, జడ్జీలు ఏడు వందల చిల్లర. విచారణకి ఏళ్ళు పట్టేది, ఆ ఏళ్ళు చాలామంది దేశంలోనే ఉండగలిగేవాళ్ళు. గోడ ఎంత ఎత్తు కట్టినా ఈ సమస్యకి అది జవాబు కాదు. 2023 డిసెంబరు ఒక్క నెలలో దక్షిణ సరిహద్దులో గస్తీ వాళ్ళకి చిక్కినవాళ్ళు దాదాపు రెండున్నర లక్షలు. ఈగల్ పాస్ లాంటి చిన్న సరిహద్దు ఊరికి అది మోయలేని భారం. టెక్సస్ గవర్నరు బస్సులెక్కించి న్యూయార్క్ పంపితే, అక్కడి డెమొక్రాట్ మేయరే చేతులెత్తేశాడు. బైడెన్ ప్రభుత్వం దీన్ని చాలా కాలం చూసీ చూడనట్టు వదిలేసింది, దాని ఫలితం ఎన్నికల్లో అనుభవించింది. 2024 ఫిబ్రవరిలో సెనేట్‌లో ఇరుపక్షాలూ కలిసి రాసిన బిల్లు వచ్చింది. ఆశ్రయం నిబంధనలు బిగించడం, అధికారుల్ని పెంచడం అందులో ఉన్నాయి. ట్రంప్ వద్దన్నాడు. 49-50 ఓట్లతో అది అక్కడే ఆగిపోయింది.

యజమాని సగాన్ని కలుపుకుని వచ్చిన ప్రయత్నాలు లేకపోలేదు. 2013లో సెనేట్ 68-32 ఓట్లతో ఆమోదించిన బిల్లులో ఇ-వెరిఫై తప్పనిసరి. దిగువ సభ దాన్ని చర్చకే తీసుకోలేదు. 2023లో దిగువ సభలో రిపబ్లికన్లు నెగ్గించుకున్న బిల్లులోనూ ఇ-వెరిఫై ఉంది, అయితే వ్యవసాయానికి ఎక్కువ గడువు ఇచ్చారు. అమెరికా పొలాల్లో పనిచేసే కూలీల్లో పదిమందికి నలుగురు కాగితాలు లేనివాళ్ళే. ఆ గడువు ఎందుకు ఇచ్చారో అర్థమవుతూనే ఉంది. అది సెనేట్‌లో ఆగింది. 2025 జులైలో చట్టమైన పెద్ద బడ్జెట్ బిల్లులో వలసల నియంత్రణకి సుమారు 17 వేల కోట్ల డాలర్లు కేటాయించారు. గోడకి 4,650 కోట్లు, నిర్బంధ కేంద్రాలకి 4,500 కోట్లు. యజమానుల తనిఖీని తప్పనిసరి చేసే మాట అందులో లేదు.

ఇప్పుడు సరిహద్దు దాదాపు నిశ్శబ్దమైంది. 2025 ఫిబ్రవరి నుంచి నెలకి పట్టుబడేవాళ్ళు 10 వేల లోపుకి పడిపోయారు. దాడులు దేశం లోపలికి మళ్ళాయి. 2025 జూన్‌లో నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలో ఒక మాంసం కంపెనీ మీద దాడి చేసి డెబ్బై మందికి పైగా కార్మికుల్ని పట్టుకెళ్ళారు. ఆ యజమాని ఇ-వెరిఫై వాడుతున్నవాడే. చట్టం కోరినదాని కంటే ఎక్కువే చేశాడు. ఇంకొకరి నిజమైన నంబరు చూపిస్తే ఆ యంత్రం సరేనంటుంది, అది దాని లోపం. ముప్పై ఏళ్ళుగా దాన్ని బాగు చేయించే ఆసక్తి ఎవరికీ లేకపోయింది. సరిగ్గా ఆ వారంలోనే పొలాలు, హోటళ్ళు, మాంసం ఫ్యాక్టరీల మీద దాడులు ఆపమని పైనుంచి ఆదేశం వచ్చింది, యజమానులు మొరపెట్టుకున్నారని. కొద్ది రోజులకే ఆ ఆదేశం వెనక్కి పోయింది. అయిదేళ్ళ వెనక్కి వెళితే, 2020 ఏప్రిల్‌లో కరోనా ఉధృతంగా ఉన్నప్పుడు, మాంసం ఫ్యాక్టరీలు మూయడానికి వీల్లేదని ట్రంపే ఉత్తర్వు ఇచ్చాడు. భుజానికి భుజం ఆనించి నిలబడి, జబ్బు పడుతూ, దేశానికి తిండి పెట్టినవాళ్ళలో ఈ మనుషులూ ఉన్నారు. కాగితాలు లేనివాళ్ళు 2022లో కట్టిన పన్నులు 9,670 కోట్ల డాలర్లని ఒక పన్ను పరిశోధన సంస్థ లెక్కగట్టింది. సోషల్ సెక్యూరిటీకి వాళ్ళు కట్టే వాటా ముసలితనంలో వాళ్ళకి ఒక్క డాలరుగా కూడా తిరిగి రాదు.

ఒక దేశానికి తన సరిహద్దు కాపాడుకునే హక్కు లేదని నేను అనను. ఉంది. చట్టం ఉన్నప్పుడు అమలు కావాలి. అయితే అమలు అన్నది ఒక బేరంలో రెండు చేతులూ పట్టుకోవాలి. పని అమ్మినవాడి చెయ్యి ఒకటే పట్టుకుని, కొన్నవాడి చెయ్యి వదిలేస్తే అక్కడ మిగిలేది చవక కూలీ ఏర్పాటు. దాడుల భయం వల్ల ఆ ఏర్పాటు ఇంకా బలపడుతుంది కూడా. భయపడేవాడు జీతం పెంచమని అడగడు.

గల్ఫ్ సంగతి తెలిసిన కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల శ్రోతలకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. అక్కడ ఎన్నికల వాదాలేమీ లేవు, ఉన్నదంతా కఫీల్, అంటే వీసా ఇప్పించిన యజమాని, చేతిలోనే ఉంది. జీతం ఇవ్వని కంపెనీ నుంచి పారిపోయి బయట పని చేసుకుంటే ఆ మనిషి ఖల్లివల్లి, అంటే కాగితాలు లేనివాడు. కంపెనీ మాత్రం పారిపోయాడని ఒక ఫిర్యాదు రాసి చేతులు దులుపుకుంటుంది. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఎమిరేట్స్ క్షమాభిక్ష ప్రకటిస్తే, ఇంటికి తిరిగి రావడానికిచ్చే ఔట్‌పాసుల కోసం వరసల్లో నిలబడినవాళ్ళలో మన ఊళ్ళవాళ్ళున్నారు.

ఇప్పుడు అమెరికాలో మన సంగతి. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మంది భారతీయుల్ని అమృత్‌సర్‌లో దించింది, దారంతా చేతులకీ కాళ్ళకీ గొలుసులతో. పంజాబ్, హర్యానా, గుజరాత్ వాళ్ళే ఎక్కువ. డాంకీ దారిలో, అంటే దేశాలు దాటుకుంటూ దొంగచాటుగా, వెళ్ళినవాళ్ళు. మన టీవీల ముందు కూర్చుని, మనవాళ్ళు అలా వెళ్ళరు, మనవాళ్ళు విమానంలో వీసాతో దిగుతారు అని చెప్పుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. అవును, వీసాతోనే దిగుతారు. ఆ తరువాతి కథ ఏమిటి?

2019 జనవరి ఆఖర్లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ గుట్టు బద్దలైంది. మిషిగన్‌లో అధికారులే నడిపిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం అది. తరగతులు లేవు, పంతుళ్ళు లేరు, వెబ్‌సైటూ ఆఫీసూ ఉన్నాయి. ఆరు వందల మందికి పైగా చేరారు, దాదాపు అందరూ భారతీయులు, వాళ్ళలో పెద్ద భాగం తెలుగువాళ్ళు. చేర్పించినందుకు అరెస్టయిన ఎనిమిది మంది దళారుల్లోనూ ఎక్కువమంది మనవాళ్ళే. మొదటి విడతలోనే 129 మంది భారతీయ విద్యార్థుల్ని నిర్బంధించారు. ప్రభుత్వమే వల వేసి పిల్లల్ని పట్టడం నీతి కాదని నేను ఈ రోజుకీ అంటాను. కట్టించుకున్న ఫీజులు తిరిగి ఇవ్వమని విద్యార్థుల తరఫున వేసిన దావా నడవడానికి వీలుందని 2024లో అప్పీలు కోర్టు కూడా అంది. కాని ఆ పిల్లలు ఎందుకు చేరారు? చదువుకోకుండా ఎఫ్-1 విద్యార్థి వీసా నిలుపుకుని, పని చేసుకోవడానికి. ఎవరి దగ్గర పని?

ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. ఎఫ్-1 మీద వెళ్ళిన విద్యార్థి సెమిస్టరు నడిచేటప్పుడు క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు పని చేయవచ్చు. బయట, అనుమతి లేకుండా, ఒక్క గంట కూడా చేయకూడదు. ఇరవై ముప్పై లక్షల అప్పు మీద వెళ్ళిన పిల్లవాడికి ఆ 20 గంటలు కూడా దొరకవు. ఎవరో ఒక ఫోను నంబరు ఇస్తారు. హైవే పక్కన గ్యాస్ స్టేషన్. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా కౌంటర్. సిగరెట్ల అర సర్దడం, కాఫీ మెషిన్ కడగడం, నేల తుడవడం, తెల్లవారుజామున వచ్చే పాల లారీ దింపుకోవడం. లేదంటే ఇండియన్ హోటల్లో గిన్నెలు, బిర్యానీ ప్యాకింగు. జీతం చేతికి నగదుగా, ఆ రాష్ట్రంలో చట్టం చెప్పిన కనీస కూలి కంటే తక్కువ. పట్టుబడితే వీసా పోతుంది, ఆ అప్పు మాత్రం ఊళ్ళో తండ్రి పొలం మీద ఉంటుంది. ఆ గ్యాస్ స్టేషన్, ఆ హోటల్ ఎవరివి? చాలా సందర్భాల్లో మనవాళ్ళవే. "మన ఊరి పిల్లాడు కదా, సాయం చేశాం" అంటారు. కొందరు నిజంగానే ఆ మనసుతో చేస్తారు, వాళ్ళని తప్పుపట్టలేను. కాని గంటకి ఏడు డాలర్లిచ్చి, నెలాఖర్లో సగం ఎగ్గొట్టి, "ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో" అనే యజమాని పోస్ట్‌విల్ యజమానికి ఏ విధంగా భిన్నం?

2025 మొదట్లో దాడుల భయానికి మన పిల్లలు గుంపులుగా ఆ పనులు మానేశారు. మన పత్రికల్లో వాళ్ళ కష్టాలు వచ్చాయి, తల్లిదండ్రుల ఆందోళన వచ్చింది. రావాలి. పని చేయించుకున్నవాళ్ళని ఒక్కరు కూడా ఒక్క ప్రశ్న వేసినట్టు నాకు కనిపించలేదు. ఫార్మింగ్‌టన్ రోజుల్లో తెలుగు సంఘాలు లాయర్లని పెట్టాయి, ఫోను లైన్లు తెరిచాయి. మెచ్చుకోవాల్సిన పని. మహాసభలకి విరాళాలిచ్చే హోటళ్ళ యజమానులతో, స్టోర్ల యజమానులతో, కన్సల్టెన్సీల యజమానులతో కూడా ఆ సంఘాలే మాట్లాడగలవు. వాళ్ళ మాట ఆ యజమానులు వింటారు. అమెరికా అధికారి మాట కంటే ఎక్కువ వింటారు.

విద్యార్థులకీ, ఇక్కడ వాళ్ళ అమ్మానాన్నలకీ ఒక సంగతి తెలియాలి. అమెరికాలో కనీస వేతన చట్టం వలస హోదా చూడదు. వీసా ఏదైనా, వీసా లేకపోయినా, చేసిన గంటలకి కూలి ఇవ్వాల్సిందే. హాఫ్‌మన్ తీర్పు చేయని పనికి వర్తించింది, చేసిన పనికి వర్తించదు. ఫెడరల్ కార్మిక శాఖలో వేతనాలు, పనిగంటల విభాగం ఇలాంటి ఫిర్యాదులు తీసుకుంటుంది. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు రహస్యంగా ఉంచుతుంది. ఈ భయాల రోజుల్లో అక్కడిదాకా వెళ్ళడం సులువని నేను చెప్పను. ముందు లాయరుతో మాట్లాడుకోవాలి. ఏ తేదీన ఎన్ని గంటలు పనిచేశారో ఒక పుస్తకంలో రాసుకోవాలి, యజమాని పంపిన మెసేజీలు చెరిపేయకుండా దాచుకోవాలి. పని చేసిన రోజు నుంచి మామూలుగా రెండేళ్ళ లోపు, కావాలనే ఎగ్గొట్టాడని తేలితే మూడేళ్ళ దాకా, ఆ కూలి అడిగే వీలుంది.